చాచా జేబుల చింతగింజలు

మొన్న శుక్రవారం పొద్దుగాల పాలపాకెట్ కోసమని తలుపు తీసేసరికి పక్కింటి చాచా పెద్దకొడుకు మా గడప ముందట నిలవడి ఉన్నడు. ఆయనకే అరవై దాటినయ్. కింద పడి ఉన్న పాలపాకెట్ తీసి నా చేతికిచ్చి, "అక్కా, మా అబ్బా పోయిండు. ఫజర్ నమాజ్‌కు లేపుదామని పోతే ఇగ లేవలే" అన్నడు.

నాకు ఏడుపు రాలే. ముందుగాల నాకొచ్చిన ఆలోచన చెప్తే మీరు నన్ను ఏమనుకుంటరో. చాచా జనాజా మా గల్లీ మూల తిరుగుతదా, అనుకున్న. చాచా ఇంటికాంచి పెద్దరోడ్డు ఎక్కాలంటే నడుమ ఒక వంపు ఉంది. ఆడ ఎవలదో ఒకలది మోటర్‌సైకిల్ అడ్డం ఉంటనే ఉంటది. మీద కేబుల్ వైర్లు ఊయల తీరుగ జారి ఉన్నయి. భుజాల మీద మోస్తరు గద, ఆ వైరు తాకితే ఎట్ల?

మనిషి పోతే గిదేం ఆలోచన అని నన్ను నేనే తిట్టుకున్న. ఎనుక యాదికొచ్చింది, గిట్ల ఆలోచించుడు ఈ లోకంల ఒక్క మనిషికే నచ్చుతుండె. ఆయననే ఇప్పుడు లోపట తెల్లబట్ట కప్పుకొని పండుకొని ఉన్నడు.

మీరు ఆయనను ఎరుగరు. గందుకే రాస్తున్న. నేను మూడో తరగతి దాకనే చదివిన, రాతల తప్పులుంటే మీరే సరిజేసుకోండ్రి. తారీఖులు నన్ను అడగొద్దు. యాదున్నయన్ని పొగమంచులకెళ్లి కనవడ్డట్టే కనవడుతున్నయ్.

చాచా పని తొవ్వ నడుసుడు. నవ్వకుండ్రి, గదే పని. సికింద్రాబాద్ గూడ్స్ షెడ్డు దగ్గర ఒక సేటు లారీ కంపెనీ ఉండె. వ్యాగన్లకెళ్లి దిగిన బాయిలర్లు, మిల్లు చక్రాలు, ఇండ్లంత పెద్ద ఇనుప పీపాలు, మామూలు లారీ మీద పట్టని సామానంత వాళ్లే మోస్తుండ్రి. యుద్ధంల వాడి అమ్మేసిన మిలిట్రీ లారీ, దానెనుక కిందికి ఉండే పెద్ద తోకబండి. గసొంటి సామాను ఊరికే ఎక్కించుకొని పోతే నడిమిట్ల ఎక్కడనో ఇరుక్కుంటది. గందుకని బండి కదిలే రెండు దినాల ముందుగాల చాచా ఆ తొవ్వంత నడిచి చూసెటోడు.

సామాను ఎంతెత్తు ఉంటదో అంతెత్తుకు, మీద ఇంకో నాలుగు వేళ్లు కలిపి, ఒక వెదురుబొంగు కోసెటోడు. దాన్ని నిలువుగ పట్టుకొని నడిచెటోడు. బొంగుకు కొమ్మ తాకితే సామానుకు కొమ్మ తాకుతది, కమాను తాకితే కమాను తాకుతది. వెడల్పుకు ముడులేసిన తాడు. అడుగులు లెక్కవెట్టనీకి తస్బీహ్. నూరడుగులకు ఒక పూస జరిపెటోడు. ఎన్ని పూసలకు ఇంజన్ల నీళ్లు పొయ్యాలె, యాడ ఆగాలె, అన్నీ ఆ పూసలల్లనే ఉంటుండె. చాచీ తిట్టేది, "అల్లా పేరు చదివే పూసలతోని అడుగులు లెక్కవెడ్తవా?" అని. "అల్లా ఏసిన తొవ్వనే కదనే," అనెటోడు.

ఇంకో మాట సుత అనెటోడు: "నేను నడవని తొవ్వల నా బండి నడవదు."

మా ఆయన ఆ బండి డ్రైవర్. నేను పెండ్లై మెట్టుగూడకు వచ్చేసరికి నాకు పదహారేండ్లు. మాకూ చాచా వాళ్లకూ నడుమ నడుం దాక వచ్చే పిట్టగోడ ఒకటే. నాకు చిన్నప్పటికాంచి బుగులెక్కువ. దీపం పెడితే ఇల్లంటుకుంటదని, బావిల బొక్కెన ఏస్తే తాడు తెగుతదని. మా అమ్మ తిట్టేది, అత్త తిట్టేది, మా ఆయన నవ్వెటోడు. "ఏం గాదు, ఊకో" అన్న మాట విని విని నా చెవులు కాయలు కాసినయ్.

ఒక దినం మా ఆయన ఏదో పెద్ద చక్రం తీసుకొని పోవాల్సి ఉండె. నేను గోడకాడ నిలవడి చాచీతోని, "తొవ్వల చింతకొమ్మ ఉందట గద. అది కిందికి వంగితే?" అన్న. చాచా ఆడనే కూసోని రొట్టె తింటుండె. "వంగదు బిడ్డా, మొన్న బొంగు పెట్టి చూసిన. నాలుగు వేళ్ల సందుంది" అన్నడు.

"మొన్న ఎండ గద చాచా. రాత్రంత వాన పడె. తడిసిన కొమ్మ బరువైతది గద?"

చాచా చేతిల రొట్టె తుంపు చేతిలనే ఉంది. లేచి, చెప్పులేసుకొని, బొంగు భుజానేసుకొని పోయిండు. పొద్దుగూకంగ వచ్చి గోడకాడ నిలవడి అన్నడు, "వంగింది బిడ్డా. జానెడు వంగింది. కొట్టిపిచ్చి వచ్చిన."

ఆ తర్వాత ప్రతి సామానుకు ముందుగాల గోడకాడికి వచ్చెటోడు. "బిడ్డా, జెర బుగులువడు" అనెటోడు. నేను బుగులువడుతుంటే, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చింతగింజ తీసి కుర్తా జేబులేసుకునెటోడు. "నీ చింతకు నా చింతగింజ, హిసాబ్ సరి." తొవ్వల ఆ జాగ వచ్చినంక, చూసి, కొలిచి, దిల్‌కు నచ్చితే ఒక గింజ పారేసెటోడు. తిరిగొచ్చినంక జేబు బయటికి తీసి నాకు చూపెడుతుండె, పిల్లల తీరుగ. "చూడు, అయిపోయినయ్." జేబు ఖాళీ ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర వట్టేది.

మా ఆయన అనెటోడు, "చాచా, నా పెండ్లానికి గింజలు సాలయి, చెట్టే తెచ్చి ఇంట్ల నాటు."

ఇగ నిజాం రాజ్యం పోయిన సంవత్సరం సంగతి. ఎండకాలంల ఒక బాయిలర్ వచ్చి గూడ్స్ షెడ్డుల దిగింది. శామీర్‌పేట దగ్గర కొత్తగ కట్టిన బియ్యం మిల్లుకు అది. ఆ దిక్కు రైలు లేదు, రోడ్డు మీదనే పోవాలె. పెట్రోల్ దొర్కక లారీలన్నీ పడి ఉన్నయి. పొద్దూకితే ఒక్కొక్కలు ఒక్కొక్క మాట మోసుకొచ్చేది, రజాకార్లు గీ ఊర్ల గిది చేసిన్రట, గా ఊర్ల గది చేసిన్రట అని. బాయిలర్ మీద వానలు పడ్డయి, పావురాలు గూడు కట్టుకున్నయి. భాద్రపదంల పోలీస్ యాక్షన్ అయింది. నాలుగైదు దినాలల్ల అంత అయిపాయె. మిలిట్రీ బండ్లు సికింద్రాబాద్‌ల తిరుగుతుంటే మా గల్లీ వాళ్లు ఉరికిపోయి చప్పట్లు కొట్టిన్రు. నేను సుత పోయిన. ఇంటికొచ్చి చూస్తే పిట్టగోడకు అవతల చాచా ఇంట్ల లోపటి గొళ్లెం పెట్టి ఉంది. కొట్టిన చేతులు ఏడ పెట్టుకోవాల్నో నాకు తెల్వలే. కొంగుల దాచిపెట్టుకున్న.

ఒక నెల చాచా గడప దాటలే. దసర పోయినంక సేటు కబురు పంపిండు. వరి కోతకొస్తుంది, బాయిలర్ చేరకుంటే మిల్లు నడవదు. చాచా మాత్రం తొవ్వ చూడనీకి పోవద్దు, ఊర్లల్ల దినాలు బాగలేవు, ఈసారి కొలువకుంటనే పోనీ, అన్నడట.

చాచా గోడకాడికి వచ్చిండు. గడ్డం సగం తెల్లగయింది ఆ నెలలనే.

"నేను నడవని తొవ్వల అల్లుడు బండి తోల్తడా?" అని అడిగిండు, నన్ను కాదు, గోడను అడిగినట్టు. ఎనుక, "బిడ్డా, జెర బుగులువడు" అన్నడు.

నేను షురూ చేసిన. చెరువు నిండింది, రోడ్డు మెత్తగయి ఉంటది. ఒక గింజ. బొల్లారంల మిలిట్రీ వాళ్లు కొత్తగ వైర్లు కట్టి ఉంటరు. ఒక గింజ. వాగు మీది పాత పుల్ సన్నగ ఉంటదట. ఒక గింజ. ఎనుక మెల్లగ అన్న, "చాచా, నువ్వు బొంగు పట్టుకొని పోతుంటే చూసి లాఠీ అనుకుంటే? నిన్ను రజాకార్ అనుకుంటే?"

లోపట చాచీ చేస్తున్న పని ఆగింది. చాచా ఒక గింజ తీసిండు, జేబుల ఏసుకోలే. అరచేతిల పెట్టుకొని చూసుకుంట ఉన్నడు.

"దీన్ని ఏ జాగల పారెయ్యాలె బిడ్డా?" అని అడిగిండు.

నా నోట్లకెళ్లి ఒకటే మాట వచ్చింది. "నేనొస్త" అన్న. ఒంటిగ బజారుకు సుత పోని మనిషిని నేను. మా ఆయన నవ్వలే ఆ దినం. "పో" అన్నడు. చాచీ లోపటికెళ్లి నాలుగు రొట్టెలు గుడ్డల కట్టి తెచ్చి నా చేతిల పెట్టింది.

ఆ నడక నాకు ఇప్పటికి సుత కలల వస్తది. పొగమంచు. ముందట చాచా, ఆయన ముందట బొంగు. బొంగు కొస మంచుల కనవడేది కాదు, కొమ్మకు తాకితే టక్కుమని చప్పుడొస్తుండె. అంతనే, ఇగ ఏ చప్పుడు లేదు. పూస జరిగినప్పుడు సన్నగ ఒకటి. చాచా బొంగును రెండు చేతులతోని పట్టుకొని పోతుంటే, మొహరంకు పీరు పట్టుకొని పోయినట్టే అనిపించింది. బొల్లారంల బంగ్లాలు, వాటి ముందట మిలిట్రీ డేరాలు, డేరాల మీద పొగ. ఒక సిపాయి చాయ్ తాగుకుంట మమ్మల్ని చూసి పోనిచ్చిండు. తంగేడు ఇంకా పూసే ఉంది. చాచా ఒక్కొక్క గింజ పారేసుకుంట పోతుండు. నేను ఎనుకనే, ఆయన అడుగుల్ల అడుగేసుకుంట. కిందికి చూసుకుంటనే నడిచిన, మీదికి చూస్తే ఏం కనవడుతదో అని.

బొల్లారం దాటి రెండు కోసులు పోయినంక వాగు వచ్చింది, దాని అవతలనే మిల్లు. పుల్ ఇవతలనే మమ్మల్ని ఆపిన్రు. ఏడెనిమిది మంది, చేతులల్ల కట్టెలు. గొంగడి కప్పుకున్న ఒక పెద్దమనిషి ముందటికి వచ్చిండు.

"ఎవలు నువ్వు? ఆ కట్టె ఏంది?"

"తొవ్వ కొలుస్తున్న అయ్యా," అన్నడు చాచా. "లారీ కంపెనీల పని."

"తొవ్వ కొలుస్తవా? తొవ్వ ఏమన్న బట్టనా, కొల్చి కుట్టనీకి?"

ఎనుక ఉన్నోళ్లు నవ్విన్రు. అది మంచి నవ్వు కాదు. ఒకడు చాచా చేతిల బొంగు గుంజుకున్నడు, ఇంకొకడు తాడు గుంజుకున్నడు.

"ఈ పిల్ల ఎవలు?"

"మా నాయన," అన్న నేను. అడిగిందానికి జవాబు అది కానే కాదు. గానీ అదే అన్న.

పెద్దమనిషి నా మొకం చూసిండు, చాచా మొకం చూసిండు. "నీ నొసటికి బొట్టుంది, ఆయన మొకానికి గడ్డముంది. నాయనెట్లయితడు?"

ఇగ నాకు ఏం తెల్వలే. కడుపుల ఉన్న బుగులంత ఒక్కపారి బయటవడ్డది. "ఎట్లయితడో నాకు తెల్వదు అయ్యా. మా ఆయన లారీ తోల్తడు. ఎల్లుండి ఈ తొవ్వల ఇల్లంత ఇనుప పీపా తెస్తడు. ఈ పుల్ సన్నగుంది. గోడలకు తాకితే బండి వాగుల పడ్తది. బండి పడితే మా ఆయన పడ్తడు. మీ ఎడ్లు బెదిరితే పిల్లల మీదికి ఉరుకుతయ్. మీ గడ్డివాములు రోడ్డు పక్కకే ఉన్నయ్, ఇంజన్ల నిప్పురవ్వ ఎగిరితే అంటుకుంటయ్. గా మీది ఇల్లు ఎవలది, దాని చూరు బయటికి వచ్చి ఉంది, అది తాకితే..."

"ఆగు తల్లీ, ఆగు," అన్నడు పెద్దమనిషి. "నువ్వు చెప్తుంటే నాకే కాళ్లు వణుకుతున్నయ్." ఎనక్కి తిరిగి వాళ్లోళ్లతోని అన్నడు, "గింత బుగులున్న బిడ్డను ఎంటవెట్టుకొని దోసుకోనీకి ఎవడన్న వస్తడారా?"

ఈసారి నవ్వింది మంచి నవ్వే. గానీ చాచాను మాత్రం పుల్ మీదికి పోనియ్యలే. "ఆయన ఈడనే కూసుంటడు. కట్టె, తాడు మా దగ్గర ఉంటయ్. కొలిచేదుంటే నువ్వు పోయి కొలుచుకో."

దేనితోని కొలువాలె? నేను పుల్ మీదికి పోయిన. రెండు దిక్కుల రాతిగోడలు నా రొమ్ముల దాక ఉన్నయి, పాకురు పట్టి సల్లగ ఉన్నయి. కింద నీళ్లు. ఒక గోడకు వేళ్లు ఆనిచ్చి చేతులు చాపిన. కొసకు గులకరాయి పెట్టిన. ఆడికాంచి మళ్ల చాపిన. అవతలి గోడ సరిగ్గ నా వేళ్లకు తాకింది.

"రెండు బారలు చాచా," అని ఆడికాంచే చెప్పిన. నా పుట్టుకల అంత గట్టిగ నేను ఏనాడు మాట్లాడలే.

"రెండు బారలు," అన్నడు చాచా. బాయిలర్‌కు పక్కలకు రెండు ఇనుప చెవులుండె. చెవులతోని కలిపి దాని వెడల్పు రెండు బారలకు జానెడు తక్కువ. అంటే అటు ఆరు వేళ్లు, ఇటు ఆరు వేళ్లు సందు. చాలు. చాచా పుల్ గింజ తీసి నాకు చూపెట్టిండు. "నీ మాట మీద పారేస్తున్న బిడ్డా," అని వాగుల ఏసిండు. చివరికి ఇంకొక్క గింజ ఉండె, ఏ జాగల పారెయ్యాలె అని నన్ను అడిగిన గింజ. అది సుత అక్కడనే ఏసిండు.

వాళ్లు కట్టె, తాడు తిరిగిచ్చినంక బొల్లారంల రైలెక్కి ఇంటికొచ్చినం. నా పానం దూదిపింజ లెక్క తేలికగ ఉండె. రెండు దినాలు నాకు ఏ బుగులు లేదు. గదే నా పుట్టుకల చేసిన పెద్ద తప్పు.

మూడో దినం కోడి కూసే యాళ్లకు బాయిలర్ కదిలింది. చాచా ముందట నడుసుడు, మా ఆయన ఎనుక తోలుడు. నేనూ చాచీ బట్టలు ఉతికి పిండుతున్నం. దుప్పటి మడత పెడుదామని చెరొక కొస పట్టుకున్నం. నేను చేతులు చాపినా దుప్పటి నా చేతులకు పట్టలే. చాచీ నవ్వింది.

"నీయి పొట్టి చేతులు బిడ్డా. మా ఆయన ఒక్క బార చాపితే గీ గోడకాంచి గా గుంజ దాక వస్తది."

నేను గోడ దిక్కు చూసిన. గుంజ దిక్కు చూసిన. గోడకు వేళ్లు ఆనిచ్చి చేతులు చాపిన. గుంజ అందలే. ఇంకా రెండు బెత్తెలు దూరం ఉంది.

చేతిల దుప్పటి ఎప్పుడు కింద పడ్డదో తెల్వలే. బార అన్న. ఎవలి బారనో చెప్పలే. ఆయన తన బార అనుకున్నడు. ఒక బారకు రెండు బెత్తెలు, రెండు బారలకు నాలుగు బెత్తెలు. ఆయన అనుకున్న సందు జానెడు, అంటే మూడు బెత్తెలే. వేళ్లు ముడిచి మళ్ల మళ్ల లెక్కవెట్టిన. ఎన్నిసార్లు పెట్టినా ఒక బెత్తెడు, అంటే నాలుగు వేళ్లు, పుల్ కంటే బాయిలరే ఎక్కువున్నది.

స్టేషన్‌కు ఉరికిన. రైల్ల ఒక్కదాన్ని కూసునుడు అదే మొదటిసారి. మల్కాజ్‌గిరి దాటిన సంగతి యాదుంది, కిటికీల తాటిచెట్లు ఒక్కొక్కటి ఎనక్కి పోతుంటే, గవన్నీ నన్ను వద్దు వద్దంటున్నట్టే ఉండె. బొల్లారంల దిగి అడిగితే, "గా పెద్ద ఇనుప ఏనుగా? ఎప్పుడో పోయింది" అన్నరు. రోడ్డు చెరువు చుట్టు తిరిగి పోతది. నేను పొలం గట్ల మీదికెళ్లి అడ్డంబడి పోయిన.

వరి పండి ఉంది. నడుమల దాక పచ్చపచ్చగ, బంగారం తీరుగ. దాని మీదికెళ్లి చూస్తే రోడ్డు కనవడలే, లారీ కనవడలే. నల్లటి బాయిలర్ ఒక్కటే వరి మీద తేలుకుంట పోతుండె. చప్పుడు సుత లేదు. దాని ముందట ఒక బొంగు కొస, నిలువుగ, మెల్లగ. అమాసనాడు చంద్రుడు కనవడితే గట్లనే ఉంటడేమో. ఉరుకుతున్న దాన్ని ఒక గడియ నిలవడి చూసిన. గంత చక్కగ ఉంది. ఎనుక మళ్ల ఉరికిన.

నేను రోడ్డెక్కేసరికి వాళ్లు పుల్‌కు నూరడుగుల దూరంల ఉన్నరు. అరిస్తే ఇంజన్ మోతల నా గొంతు ఏడ ఇనవడ్తది. పుల్ ముందట రోడ్డు నడిమిట్ల నిలవడి రెండు చేతులు చాపిన. ఎంత చాపొచ్చో అంత చాపిన.

చాచా చూసిండు. నడక ఆపలే ముందుగాల. నా చేతుల దిక్కు చూసుకుంటనే నాలుగడుగులేసిండు. ఎనుక ఆగిండు. బొంగు అడ్డంగ ఎత్తిండు. ఎనుకనుంచి బ్రేకులు గీరుకున్న చప్పుడు, ఎంతసేపు వచ్చిందో.

చాచా నా దగ్గరికి వచ్చి, బొంగు కింద పెట్టి, నాకు ఎదురుగ నిలవడి తన చేతులు చాపిండు. నా వేళ్లకు అవతల, ఇటు ఒక బెత్తెడు, అటు ఒక బెత్తెడు ఆయన వేళ్లు. ఇద్దరం గట్లనే నిలవడ్డం. మా ఆయన లారీ దిగొచ్చి, "ఏందిది, ఇద్దరు కలిసి గద్దలాట ఆడుతున్నరా?" అన్నడు. మా మొకాలు చూసి పోయి ఇంజన్ బందు చేసిండు.

చాచా గోడకు ఆనుకొని కూసున్నడు. నా ఒక్కదానికే ఇనవడేటట్టు అన్నడు, "ఇది ఈడ ఇరికి పడితే దాన్ని పొరపాటు అని ఎవలూ అనరు బిడ్డా. ఈ దినాలల్ల నా అసొంటోనికి తప్పు చేసే హక్కు లేదు. కావాలని చేసిండు అందురు."

గొంగడి పెద్దమనిషి ఊరోళ్లతోని వచ్చిండు. చాచా లేచి చెప్పిండు, ఒక దిక్కు గోడ మీది రాళ్లు రెండు వరుసలు తీయాలె, చెవి దాటినంక మళ్ల పెడ్తమని. "మా గోడ కూలగొడ్తవా?" అన్నడు పెద్దమనిషి. "కూలగొట్ట. విప్పి మళ్ల తొడుగుత," అన్నడు చాచా. పెద్దమనిషి నా దిక్కు చూసి, "ఏం తల్లీ, నీ నాయన మాట నమ్మొచ్చునా?" అన్నడు. నేను తలకాయ ఊపిన. ఆ ఊరోళ్లే రాళ్లు అందుకున్నరు.

బాయిలర్ పుల్ ఎక్కింది. రాళ్లు తీసిన దిక్కు చెవి వాగు మీదికెళ్లి పోయింది. ఇంకో దిక్కు చెవికి, గోడకు నడుమ చాచా తన నాలుగు వేళ్లు పెట్టి, బండితోని పాటు నడిచిండు, ఇవతలికాంచి అవతలి దాక.

మర్నాడు చాచా ఒక్కడే పోయి ఆ రాళ్లు పెట్టొచ్చిండు. పోవద్దని నేను ఎంత మొత్తుకున్నా ఇనలే. తిరిగొచ్చి, "నీ బిడ్డ రాలేదా అని అడిగిండు గొంగడాయన, మజ్జిగ పోసిండు" అని చెప్పిండు. సేటు అడిగితే, "కొలిచిన బిడ్డది తప్పు లేదు. ఎవలి బార అని అడగకపోవుడు నా తప్పు" అన్నడట. మా ఆయనే చెప్పిండు ఇది.

ఆ దినంకాంచి "ఎవలి బార?" అనుడు చాచాకు ఊతపదమై పోయింది. ఎవలన్న తమ కష్టం పెద్దదని చెప్పినా, ఇంకొకలది చిన్నదని తీసిపారేసినా, "ఎవలి బారతోని?" అని అడిగెటోడు. మా ఆయన పోయినప్పుడు వచ్చినోళ్లందరు, "పెద్ద పానమే గద, ఏడ్వకు" అంటుంటే, చాచా మూలకు కూసోని అన్నడు, "ఎవలి బారతోని కొలిచి చెప్తున్రు?" నన్ను ఏడ్వనిచ్చిన్రు.

లారీ కంపెనీ ఎప్పుడో మూతవడ్డది. ఇప్పుడు నూరు చక్రాల బండ్లు వస్తున్నయట, ముందట జీపుల పోయి కొలుస్తరట. ముసలితనంల చాచా కుర్చీ ఏసుకొని గోడకాడ కూసునెటోడు. నాకు మనుమరాలి కాన్పు అని, కంటి ఆపరేషన్ అని ఏదో ఒక బుగులు ఉండనే ఉండె. "బిడ్డా, జెర బుగులువడు" అనెటోడు. నేను చెప్తుంటే గింజలు జేబులేసుకునెటోడు. ఇగ ఏ తొవ్వల నడిచి పారేసెటోడో, మర్నాటికి జేబు మాత్రం ఖాళీ చూపెడుతుండె.

శుక్రవారం జుమ్మా నమాజ్‌కు ముందుగాల నేను చాచా ఇంటికి పోయిన. చాచీ పోయి చానా ఏండ్లాయె. కోడండ్లు ఏడుస్తున్నరు. మూలకు ఆ వెదురుబొంగు ఉండె, బాయిలర్‌ది. అదొక్కటే దాచుకున్నడు. మా ఇంట్ల డబ్బలకెళ్లి పిడికెడు చింతగింజలు కొంగుల ముడేసుకొని వచ్చిన. బొంగు తీసుకొని గల్లీల నడిచిన. వంపుకాడ మోటర్‌సైకిల్ తీపిచ్చిన, ఒక గింజ. ఎవలో ఆరేసిన చీరలు తీపిచ్చిన, ఒక గింజ. మోరీ మీది పలక కదులుతుంటే కింద రాయి పెట్టిపిచ్చిన, ఒక గింజ. వంపుకాడ చేతులు చాపి కొలిచిన. నా బార ఇంకా పొట్టిగయింది, గందుకని అడుగులతోని సుత మళ్ల కొలిచిన.

జనాజా ఎత్తిన్రు. వైరుకాడ నేను బొంగు పట్టుకొని నిలవడి ఉంటే, ఎవరో, "అమ్మా, పక్కకు జరుగు, ఆడోళ్లు ఉండొద్దు" అన్నరు. చాచా పెద్దకొడుకు ముందట భుజం పట్టి ఉన్నడు. మెడ తిప్పకుంటనే, "ఆమెను ఉండనియ్యిండ్రి," అన్నడు. "తొవ్వ ఆమెనే చూసింది."

బొంగుతోని వైరును మీదికి లేపి పట్టిన. చాచా మెల్లగ, నడిచే నడకతోని, దాని కిందికెళ్లి పోయిండు. వైరుకు, ఆయన మీది పచ్చటి చాదరుకు నడుమ నాలుగు వేళ్ల సందు ఉండె. నేను చూసిన.

వాళ్లు వంపు తిరిగి కనవడకుంట పోయిన్రు. వైరు ఇంకా వణుకుతనే ఉంది, నేను బొంగు దించలే. కొంగు ముడిల ఒక్క గింజ మిగిలింది. ముందటి తొవ్వ నేను నడవలే, కొలువలే. దాన్ని ఏ జాగల పారెయ్యాల్నో తెల్వక, పిడికిట్ల పట్టుకొని గట్లనే నిలవడ్డ.